టూ-ఇన్-వన్ మీద కంపెనీ పేరుంది, గీసినాయన పేరేదీ?

చిత్తూరు నుంచి ఒక స్వామి అడిగింది ఇది: "మా నాయన 1983లో కువైట్ నుంచి తెచ్చిన నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ ఒకే పెట్టెలో ఉండే సెట్టు) ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంత ముచ్చటగా దీన్ని గీసింది ఎవరు? సెట్టు మీద లేదు, దాంతో వచ్చిన పుస్తకంలో లేదు. తెలుసుకునే దారేమన్నా ఉందా?"

ఉంది. సెట్టు మీద పేరు దొరకదు. అమెరికా డిజైన్ పేటెంట్లలో, అంటే సరుకు పైరూపం మీద కంపెనీలు తీసుకునే హక్కు పత్రాల్లో, వెతికితే దొరకొచ్చు. కాకపోతే అక్కడ దొరికేది పైపెట్టెను గీసినవాళ్ళ పేరు మాత్రమే. లోపల టేపును లాగే మెకానిజం ఇంకొకరి బుర్రలోంచి వచ్చింది, సర్క్యూట్ మరొకరిది, ప్లాస్టిక్ పోసిన అచ్చు చెక్కినోళ్ళు వేరే. నేను విప్పిన వేల సెట్లలో ఒకే మనిషి పనితనం అని చెప్పదగ్గది ఒక్కటీ తగల్లేదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో 1981 నుంచి రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తున్నాను. ఇప్పుడైతే వారానికి రెండు సెట్లు వస్తే గొప్ప. అప్పట్లో రాజంపేట, రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్‌కు పోయినోళ్ళు సెలవు మీద వస్తే, అట్టపెట్టె కూడా విప్పకుండా నేరుగా అంగడికి తెచ్చేవాళ్ళు. "అన్నా, దీన్ని మన కరెంటుకు పెట్టొచ్చా?" అన్నది మొదటి ప్రశ్న. గీసిందెవరని అడిగిన మనిషి ఈ నలభై ఏళ్ళలో ముగ్గురో నలుగురో. మీతో ఇంకొకరు.

పేరు లేకపోవడానికి దాపరికమేమీ కారణం కాదు. జపాన్ కంపెనీల్లో గీసేవాళ్ళంతా నెలజీతం ఉద్యోగులు. నేషనల్, పానసోనిక్ పేర్లతో సెట్లు అమ్మిన మత్సుషిత కంపెనీ 1951లోనే సొంతంగా డిజైన్ విభాగం పెట్టుకుంది. కంపెనీ పెద్దాయన కోనోసుకె మత్సుషిత ఆ ఏడు అమెరికా చూసొచ్చి, ఇకమీదట కాలమంతా డిజైన్‌దే అని తేల్చి చెప్పాడు. అంత నమ్మకం ఉన్నాయన కూడా సరుకు మీద గీసినవాడి పేరు వేయించలేదు. ఫ్యాక్టరీలో మరలు బిగించేవాడి పేరు వేయనట్టే ఇదీ. మన దేశంలో చట్టం కూడా ఆ లెక్కలోనే ఉంది. పాత 1911 పేటెంట్లు, డిజైన్ల చట్టం తీసినా, దాని స్థానంలో వచ్చిన 2000 నాటి డిజైన్ల చట్టం తీసినా, డబ్బిచ్చి గీయించుకున్నవాడే డిజైనుకు యజమాని. గీసినవాడు కూలి తీసుకుని పక్కకు తప్పుకోవాల్సిందే.

ఇటలీలో తీరు వేరు. బ్రియన్‌వేగా కంపెనీ 1964లో తెచ్చిన టీఎస్-502 రేడియో, మూస్తే నున్నటి పెట్టెలా ఉండి తెరిస్తే రెండు ముక్కలుగా విచ్చుకునేది, మార్కో జానుసో, రిచర్డ్ సాపర్ గీశారని దాన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు బయటి నుంచి పిలిపించుకున్న పేరున్న మనుషులు, ఆ పేరును కూడా సరుకుతో పాటే అమ్మారు. 1970ల్లో యమహా తన టీసీ-800 క్యాసెట్ డెక్కుకు ఇటలీ డిజైనర్ మారియో బెల్లీనిని పిలిపించుకున్నదీ అందుకే. క్యాసెట్ వరకు వస్తే ఫిలిప్స్ ఇంజనీరు లూ ఓటెన్స్ పేరు నిలిచింది. కోటు జేబులో పట్టాలని చెక్కముక్క ఒకటి కోయించి, దాన్ని జేబులో వేసుకుని కొలత తేల్చాడంటారు. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో బయటికొచ్చిన క్యాసెట్ ఆ కొలతదే. ఆ చెక్కముక్కను తర్వాత కారు టైరు మార్చేటప్పుడు జాకీ కింద పెట్టి పోగొట్టుకున్నాడట. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఈ ముక్క విన్నాకే. మా అంగడి తరహా అది!

1979 వాక్‌మన్ సంగతి చూడండి. అందరూ సోనీ పెద్దలు మొరిటా, ఇబుకా పేర్లు చెబుతారు. టేప్ రికార్డర్ల విభాగాన్ని నడిపిన కోజో ఓసోనే, డిజైన్ వైపు నిలబడిన యసువో కురోకి పేర్లు చెప్పేవాళ్ళు తక్కువ. వాళ్ళ కింద బల్ల ముందు కూర్చుని గీతలు గీసిన కుర్రాళ్ళ ఊసే రాదు. ఇక మన టూ-ఇన్-వన్‌లు సరేసరి. రేడియోను, క్యాసెట్‌ను ఒకే పెట్టెలో పెట్టి ఫిలిప్స్ 1966లో తెచ్చింది, జపాన్‌లో ఐవా టీపీఆర్-101 అని 1968లో తెచ్చింది. కంపెనీ పేరు, ఏడు, మోడలు నంబరు అన్నీ చరిత్రలో ఉన్నాయి. మనిషి లేడు.

ఇప్పుడు అసలు విషయం. మీరు "గీసినాయన" అంటున్నారే, ఆయన చేతిలో ఎంత ఉండేదో చూడండి. మీ సెట్టును ఎదురుగా పెట్టుకుని చదవండి.

క్యాసెట్ తలుపు కొలత ఆయనది కాదు. సుమారు 10 సెంటీమీటర్లకు 6.4 సెంటీమీటర్ల క్యాసెట్ లోపలికి పోవాలి, అది ఫిలిప్స్ ఎప్పుడో తేల్చేసింది. మీటల వరస కూడా ఆయన ఇష్టం కాదు. మీట వెనక ఇనుప కమ్మీ ఎక్కడుంటే మీట అక్కడుండాలి, ఆ కమ్మీలు మెకానిజం తయారుచేసినవాళ్ళవి. చాలా కంపెనీలు మెకానిజాన్ని బయట కొనేవి. తనాషిన్ అని జపాన్‌లో ఒక కంపెనీ ఉండేది. పైన వేరే వేరే బ్రాండ్లు, లోపల తనాషిన్. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న చవక క్యాసెట్ ప్లేయర్ల లోపల ఉండేదీ చాలావరకు దాని చైనా నకలే. ఆ కంపెనీ పేటెంట్లు తిరగేస్తే షిన్‌సాకు తనకా అనే పేరు మళ్ళీ మళ్ళీ తగులుతుంది. నన్నడిగితే మరుగునపడిన మహానుభావుల వరసలో మొదట ఆయన్ని కూర్చోబెడతాను. మోటారు చూస్తే జపాన్ మోటార్ల కంపెనీ మబూచిది, ఈజీ-530 అని ముద్ర, నిమిషానికి 2400 చుట్లు. ఒకే రకం మోటారును నాలుగు బ్రాండ్ల సెట్లలోంచి తీసి ఒకే డబ్బాలో వేసుకుని, అక్కరపడినప్పుడు దేనిది దేనికైనా వేశాను. ఇదేమీ పాతకాలపు వింత కాదు. ఈరోజు మన రేణిగుంట వైపు ఒకే ఫ్యాక్టరీలో వేరే వేరే పేర్ల టీవీలు బిగించి పంపుతున్నారు కదా!

సెట్టు అడ్డంగా పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పైభాగాన, హ్యాండిల్ కింద, నల్లటి ఫెర్రైట్ రాడ్ అడ్డంగా పడుకుని ఉంటుంది. మీడియం వేవ్ పట్టేది అదే, పైకి లాగే ఏరియల్ కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉండాలి, లేకపోతే గుయ్యిమని మోత. అందుకే అది పైన ఒక పక్క, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంకో పక్క. ఈ రాడ్‌కు దిక్కు పట్టింపు ఉంది. రాడ్ పొడుగు స్టేషనుకు అడ్డంగా ఉంటేనే బాగా పలుకుతుంది. తిరుపతిలో సెట్టు ముఖం వాయవ్యానికి పెడితే కడప రేడియో స్టేషను (900 కిలోహెర్ట్జ్) గట్టిగా వస్తుంది, వీపు ఆగ్నేయానికి ఉంటుంది కాబట్టి మద్రాసు 720 కూడా అలాగే వస్తుంది. కడప, తిరుపతి, మద్రాసు ఇంచుమించు ఒకే గీత మీద ఉండడం మన అదృష్టం. మీ చిత్తూరులో ఆ సుఖం లేదు. మీకు కడప ఉత్తరాన, మద్రాసు తూర్పున. మీ నాయన వార్తలకోసారి, పాటలకోసారి సెట్టును తిప్పుతూ ఉండేవాడా లేదా, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి.

ఇన్ని పోగా గీసేవాడికి మిగిలింది ఏమిటంటే: అంచుల గుండ్రం, జాలీ కన్నాల వరస, ఏ మీటకు వెండి పూత, ఏ మీటకు నలుపు, డయల్ మీద అక్షరాల సైజు, తలుపు తెరుచుకునే తీరు. తక్కువనిపిస్తుంది గానీ మీరు ముచ్చటపడింది సరిగ్గా వీటికే. ఎజెక్ట్ నొక్కితే మంచి సెట్లలో తలుపు టప్పున ఊడిపడదు, పెద్దమనిషి నమస్కారం పెట్టినట్టు మెల్లగా ముందుకు వంగుతుంది. లోపల గోరంత పళ్ళ చక్రం ఒకటి, చిక్కటి గ్రీజులో మునిగి ఉంటుంది. తలుపు పళ్ళు దాన్ని తిప్పుకుంటూ దిగాలి, గ్రీజు దాన్ని తొందరగా తిరగనివ్వదు, అంతే కిటుకు. నలభై ఏళ్ళకు గ్రీజు గట్టిపడి తలుపు సగంలో నిలబడితే చాలామంది వేలు పెట్టి లాగి పళ్ళు విరగ్గొడతారు. దయచేసి లాగకండి.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒక గల్ఫ్ సెట్టు మీద జిడ్డు పోవాలని థిన్నర్ ముంచిన గుడ్డతో తుడిచాను. జిడ్డుతో పాటు డయల్ పక్కనున్న తెల్లటి అక్షరాలన్నీ గుడ్డకు వచ్చేశాయి. గీసినవాడు వారాల తరబడి కూర్చుని అమర్చిన పని పది సెకన్లలో నా చేతిలో మసి అయింది. మా గురువు తిట్టలేదు. "ఒరే అబ్బయా, కంపెనీ వాని పేరు మాత్రం పోలే చూడు, అది లోహం ముక్క, అతికించిండారు" అన్నాడు. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు మీకు.

గురువు మాట వచ్చింది కాబట్టి మన ఊళ్ళ సంగతీ చెప్పాలి. ఇది మీరు అడగలేదు, కానీ గీతలు పేరు లేకుండా ఎంత దూరం పోతాయో దీనివల్ల తెలుస్తుంది. గల్ఫ్ సెట్టు అందరూ కొనగలిగింది కాదు. అందుకని మేము అంగట్లోనే "అసెంబుల్డ్" సెట్లు చేసి అమ్మేవాళ్ళం. పొద్దున రైలెక్కి మద్రాసు పోవడం, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఖాళీ క్యాబినెట్లు, మెకానిజం, సౌండు పెంచే టీబీఏ 810 ఐసీ (చిప్పు) బోర్డు, స్పీకర్లు మూట గట్టుకుని రాత్రికి తిరిగి రావడం. ఆ ఖాళీ క్యాబినెట్ ఏదో జపాన్ సెట్టును చూసి తీసిన నకలు అచ్చులో పోసింది. ఎక్కడ తెలుస్తుందంటే, అసలు సెట్టులో సౌండు పెరిగేకొద్దీ వెలిగే లైట్ల కిటికీ ఉన్నచోట నకలులో ఉత్త గుంట మిగిలేది. ఆ గుంటలో లైట్ల బొమ్మ అచ్చేసిన స్టిక్కర్ అతికించేవాళ్ళు. రెండు స్పీకర్లు, పైన "స్టీరియో" అని రాత, లోపల తీగలు రెండూ ఒకే చోటికి పోయేవి! అడిగినవాళ్ళకు నిజమే చెప్పేవాళ్ళం, అడగనివాళ్ళకు చెప్పలేదు.

పేరు పట్టీ కూడా మాదే. మా గురువు తన కూతురి పేరును అల్యూమినియం రేకు మీద వేయించి వంద పట్టీలు తెచ్చాడు. అవి అతికించిన సెట్లు బస్టాండు చుట్టూ టీ అంగళ్ళలో, అలిపిరి వైపు పూసల దుకాణాల్లో ఏళ్ళ తరబడి మోగాయి. హ్యాండిల్ నాసిరకం, విరిగిపోయేది, అందుకని పాత్రల అంగడివాళ్ళ చేత ఇత్తడి కడ్డీ వంచించి వేసేవాడు. వెనక వేడి పోవడానికి కన్నాలు చేతి డ్రిల్లుతో పొడిచేవాడు, వంకర టింకరగా. ఆ వంకర కన్నాలను బట్టి ఇప్పటికీ మా సెట్టును దూరం నుంచే గుర్తుపడతాను. జపాన్‌లో ఎవరో గీసిన ముఖం, ఎవరో చెక్కిన దొంగ అచ్చు, మా గురువు ఇత్తడి హ్యాండిల్. డిజైనర్ ఎవరని అడిగితే ఏం చెప్పాలి?

సరే, మీ సెట్టు దగ్గరికి వద్దాం. వెతికే పని వెనక పట్టీతో మొదలుపెట్టండి. మోడలు నంబరు మొదటి అక్షరాలే సగం జాతకం. నేషనల్ పానసోనిక్‌లో ఆర్‌ఎఫ్ అంటే ఒట్టి రేడియో, ఆర్‌క్యూ అంటే టేప్ రికార్డర్, ఆర్‌ఎక్స్ అంటే రెండూ కలిసింది. సోనీలో సీఎఫ్, సీఎఫ్‌ఎస్ అని, జేవీసీలో ఆర్‌సీ అని, షార్ప్‌లో జీఎఫ్ అని, హిటాచీలో టీఆర్‌కే అని ఉంటాయి. తర్వాత డయల్. ఎఫ్‌ఎం 76 నుంచి 90 వరకే ఉంటే అది జపాన్ వాళ్ళ కోసం చేసిన సెట్టు, మన ఎఫ్‌ఎం స్టేషన్లు దాంట్లో పలకవు. లాంగ్ వేవ్ ఉంటే యూరప్‌కు చేసింది. 88 నుంచి 108, రెండు షార్ట్ వేవ్‌లు, వెనక 110-220 ఓల్టేజీ మీట ఉంటే ఎగుమతి సరుకు. గల్ఫ్ సెట్లు ఎక్కువగా ఇవే. ఇంటికి దూరంగా ఉన్నవాడికి షార్ట్ వేవ్ కావాలి కదా.

కొన్నది 1983 అయినా గీసింది అంతకు ముందే. వెనక మూత విప్పితే ప్లాస్టిక్ లోపలి వైపు రూపాయి బిళ్ళంత గుండ్రటి ముద్ర ఉండొచ్చు, గడియారంలా 12 నెలల గుర్తులు, మధ్యలో బాణం, పక్కన ఏడాది అంకెలు. ఆ మూత పోసిన నెల అది. కొన్ని ఐసీల మీద నాలుగంకెలు ఉంటాయి, 8231 అంటే 1982లో 31వ వారం. ఈ తేదీకి ఒకటి రెండేళ్ళు వెనక నుంచి వెతకాలి.

ఇప్పుడు పేటెంట్లు. మన చట్టంలా కాదు, అమెరికాలో డిజైన్ పేటెంటు తీసుకోవాలంటే గీసిన మనిషి పేరు రాయాల్సిందే, హక్కు కంపెనీకి రాసిచ్చినా సరే. జపాన్ కంపెనీలు అమెరికాలో అమ్మాలనుకున్న రూపాలను అక్కడ నమోదు చేయించేవి. గూగుల్ పేటెంట్స్‌లో ఇంగ్లీషులో "రేడియో రిసీవర్ కంబైన్డ్ విత్ టేప్ రికార్డర్" లాంటి మాటలు, కంపెనీ పేరు మత్సుషిత అని, మీ ఏళ్ళు ఇచ్చి వెతకండి. 1976 తర్వాతివి తేలిగ్గా దొరుకుతాయి, అంతకు ముందువి స్కాన్ చేసిన బొమ్మలు, ఓపిక కావాలి. జపాన్ పేటెంటు కార్యాలయం వాళ్ళ సైటులో కూడా డిజైన్ గీసినవారి పేరుకు గడి ఉంటుంది, కానీ జపనీస్ చదివే మనిషి పక్కన ఉండాలి.

నేను ఇలా ఒక్కసారే చివరి దాకా వెళ్ళాను. పుత్తూరు నుంచి రిటైరైన అయ్యవారు ఒకాయన ఇలాంటి సెట్టే తెచ్చాడు. బెల్టులు కరిగి తారులా చక్రాలకు అంటుకుపోయాయి. నేను స్పిరిట్‌తో తుడుస్తూ ఉంటే ఆయన మనవరాలు ఫోనులో వెతికింది. గంటన్నర పట్టింది. దొరికిన పేటెంటులో ఏడు బొమ్మలు, ముందు, వెనక, రెండు పక్కలు, పైన, కింద, ఒకటి ఏటవాలుగా. ముందు ఆనందపడి, తర్వాత టేపు ఎంత తిరిగిందో చూపే అంకెల కౌంటరు స్థానం చూసి వదిలేశాం, మా సెట్టులో అది తలుపుకు పైన ఉంటే బొమ్మలో కుడి పక్కన ఉంది. అదే కంపెనీవి మరో ఆరు తిరగేస్తే ఒకటి గీతకు గీత సరిపోయింది, హ్యాండిల్ మడిచినప్పుడు దూరే గాడితో సహా. ఇద్దరి పేర్లు ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరు పెద్ద ఆఫీసరై ఊరికే పేరు పెట్టించుకుని ఉండొచ్చు, ఆ అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి. అయ్యవారు మాత్రం ఆ పేర్లను తెలుగులో కాగితం మీద రాయించి, మడిచి, బ్యాటరీల అరలో పెట్టుకున్నాడు. "ఈ ఇద్దరూ ఉండారో లేదో" అన్నాడు. "అందులో బ్యాటరీలు పెట్టొద్దండి, కారి కాగితం పాడవుతుంది" అన్నాను నేను, నాకు తోచింది అదే.

మీ సెట్టుకు అసలు అమెరికా పేటెంటే లేకపోవచ్చు, ఎగుమతి రకాలన్నీ అక్కడికి పోలేదు. అప్పుడు దగ్గరి చుట్టం దొరుకుతుంది, అదే విభాగం అదే ఏట గీసిన అన్నదమ్ముల లాంటి సెట్టు. దాంతో సరిపెట్టుకోవాలి.

వెనక పట్టీ, డయల్, మూత లోపలి గుండ్రటి ముద్ర, మూడింటికీ పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను. మూత విప్పేటప్పుడు ఒక మర క్యాసెట్ తలుపు లోపల, ఇంకోటి బ్యాటరీల అరలో ఉంటుంది, అవి మరిచి లాగితే క్యాబినెట్ పగులుతుంది. ఫొటోలయ్యాక పాడించి చూడాలనిపిస్తే, ఓల్టేజీ మీట 220 వైపు ఉందో లేదో చూడందే ప్లగ్గు పెట్టకండి. కువైట్‌లో ఉన్నది మన ఓల్టేజీయే గానీ, నలభై ఏళ్ళలో ఇంట్లో పిల్లలు దాన్ని ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపి ఉంటారో!